రెండు కొలతలు, ఒకే క్షణం



చలికాలం మొదలైతే చాలు, మన ఊళ్లలో ఎలక్ట్రికల్ షాపుల ముందు హీటర్ రాడ్లు బారుగా వేలాడతాయి. ఒక రాడ్డు చేతిలోకి తీసుకుని పిడి దగ్గర చూడండి. 230 వోల్టులు, 1500 వాట్లు అని రాసి ఉంటుంది. కొనేవాళ్లలో చాలామంది ఆ 1500 మాత్రమే చూస్తారు. ఎక్కువ వాట్లయితే నీళ్లు త్వరగా కాగుతాయి, బిల్లు ఎక్కువొస్తుంది అనుకుంటారు. 230 జోలికి ఎవరూ పోరు. ఈ రోజు నేను చెప్పబోయేది ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. వోల్టేజీ, కరెంటు తెలిస్తే ఒక వస్తువు నిరోధాన్నీ, అది తీసుకునే సామర్థ్యాన్నీ లెక్కగట్టవచ్చు. లెక్క పదో తరగతి పిల్లలు చేసేదే. ఆ లెక్కలో వేసే రెండు అంకెలనూ ఎక్కడ, ఎప్పుడు కొలిచామన్న దగ్గరే పెద్దవాళ్లు కూడా తప్పుతారు.

కాగితం, పెన్సిలు దగ్గరుంటే తీసుకోండి. లేకపోయినా ఇబ్బంది లేదు, అంకెలు నెమ్మదిగానే చెబుతాను.

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు వస్తాయి. అది నిరోధం. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. అది సామర్థ్యం. ఒక భాగహారం, ఒక గుణకారం, అంతే. మన రాడ్డు సంగతి చూద్దాం. 1500 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే కరెంటు సుమారు 6.5 ఆంపియర్లు. 230ని మళ్లీ ఆ 6.5తో భాగిస్తే నిరోధం 35 ఓములకు కొంచెం పైన, 35.3 అనుకోండి. రాడ్డు లోపల చుట్టిన తీగ నైక్రోమ్. వేడెక్కినా దీని నిరోధం పెద్దగా మారదు, అందుకే హీటర్లకు దీన్ని ఎంచుకున్నారు. కనుక ఈ 35.3 ఓములు ఆ రాడ్డు సొంత గుణం. ఏ ఊరికి తీసుకెళ్లినా దాదాపు అదే ఉంటుంది. 1500 వాట్లు మాత్రం దాని సొంత గుణం కాదు. సరిగ్గా 230 వోల్టులు అందితే అది చేయగలిగిన పని అది.

మీ ఇంట్లో సాయంత్రం ఏడింటికి 200 వోల్టులే వస్తున్నాయనుకోండి. అప్పుడు రాడ్డులో పారే కరెంటు 200 బై 35.3, అంటే 5.67 ఆంపియర్లు. సామర్థ్యం 200 ఇంటూ 5.67, అంటే 1134 వాట్లు. వోల్టేజీ తగ్గింది నూటికి 13 వంతులు, సామర్థ్యం తగ్గింది దాదాపు 24 వంతులు. వోల్టేజీ తగ్గితే దాంతోపాటు కరెంటు కూడా తగ్గింది కదా. రెండు తగ్గుదలలూ గుణకారంలో కలిశాయి. సామర్థ్యం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుందని పుస్తకంలో చదువుకునేది ఈ విషయాన్నే.

ఇప్పుడు జరిగే పొరపాటు చూడండి. వైర్‌మన్ క్లాంప్ మీటరు పెట్టి కరెంటు కొలిచాడు, 5.67 వచ్చింది. వోల్టేజీ కొలవలేదు. ఇంటికొచ్చేది 230 అని అందరికీ తెలిసిందేగా అని 230ని 5.67తో భాగించాడు. 40.6 ఓములు. 35 ఉండాల్సిన చోట 40 వచ్చిందంటే రాడ్డు పాడైందన్నాడు. అదే 230తో గుణిస్తే 1304 వాట్లు. నిజంగా ఖర్చవుతున్నది 1134. రెండు జవాబులూ తప్పే. గుణకారం సరిగ్గానే చేశాడు, భాగహారమూ సరిగ్గానే చేశాడు. పిడి మీద రాసిన వోల్టేజీని, తీగలోని కరెంటుని ఒకే లెక్కలో కలిపేశాడు. ఆ రెండూ ఒకే క్షణానివి కావు, ఒకే చోటివి అంతకన్నా కావు.

ఈ కష్టం కొత్తది కాదు. ఓమ్ నియమం అని మనం బళ్లో చదువుకున్న ఆ నియమం పుట్టుకలోనే ఉంది. గేయోర్గ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. ఓమ్ కొలోన్ నగరంలో ఒక హైస్కూల్లో పాఠాలు చెబుతూ అక్కడి ప్రయోగశాలలో ఈ పరిశోధన మొదలుపెట్టాడు. అప్పటికి దొరికే విద్యుత్తు వోల్టా బ్యాటరీల నుంచి వచ్చేదే. ఆ బ్యాటరీలో ఇప్పుడున్న బలం కాసేపటికి ఉండదు. ఒక తీగ కలిపి కొలిచి, దాన్ని తీసి రెండో తీగ కలిపేలోగా బ్యాటరీయే మారిపోతుంది. ఆ అంకెలతో 1825లో ఆయన ప్రచురించిన తొలి వ్యాసంలో సూత్రం తప్పుగా తేలింది. అది చూసిన పత్రికా సంపాదకుడు పోగెన్‌డోర్ఫ్ ఒక సలహా ఇచ్చాడు. బ్యాటరీని వదిలెయ్యి, థర్మోకపుల్ వాడు అని.

థర్మోకపుల్ అంటే రెండు వేర్వేరు లోహాలను రెండు చోట్ల అతికించిన ఏర్పాటు. ఒక అతుకు వేడిగా, రెండోది చల్లగా ఉంచితే చిన్న వోల్టేజీ పుడుతుంది. ఓమ్ బిస్మత్‌నూ రాగినీ అతికించి, ఒక కొసను మరిగే నీళ్లలో, రెండో కొసను మంచులో ఉంచాడు. నీళ్లు మరిగినంతసేపూ, మంచు కరగకుండా మిగిలినంతసేపూ ఆ ఉష్ణోగ్రతలు కదలవు. అవి కదలకపోతే వోల్టేజీ కూడా కదలదు. అప్పుడు ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలు, రెండు అంగుళాల నుంచి నూట ముప్పై అంగుళాల పొడవు దాకా, ఒక్కొక్కటీ కలిపి అయస్కాంత సూది ఎంత తిరిగిందో చూశాడు. ఈసారి అంకెలు చక్కగా ఒక సూత్రంలో ఇమిడిపోయాయి. 1827లో పుస్తకం వచ్చింది. స్వదేశంలో దాన్ని చాలాకాలం ఎవరూ పెద్దగా ఆదరించలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకమిచ్చాక గాని పేరు స్థిరపడలేదు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధాన్ని కొలిచే ప్రమాణానికి ఆయన పేరును ఖాయం చేసింది. ఆయన చనిపోయి అప్పటికి 27 ఏళ్లు. నాకు ఆ సూత్రం కన్నా ఆ మంచుగడ్డ, ఆ మరిగే నీళ్లు గొప్పగా కనిపిస్తాయి. కొలిచేది స్థిరంగా ఉండాలంటే ఏం చేయాలో వెతికి పట్టుకున్నాడు, సూత్రం ఆ వెనకే వచ్చింది.

మన ఇళ్లలో వోల్టేజీని అలా బిగించి ఉంచలేం. పక్కవీధిలో రైసుమిల్లు ఆన్ అయితే తగ్గుతుంది, ఆగితే పెరుగుతుంది. చేయగలిగింది ఒక్కటే, రెండు కొలతలూ ఒకేసారి తీసుకోవడం. క్లాంప్ మీటరు గురించి కూడా ఒక మాట. దాని దవడల మధ్య ఒక్క తీగే ఉండాలి, ఫేజు గాని, న్యూట్రల్ గాని. రెండు తీగలూ కలిపి పట్టుకుంటే ఒకదాంట్లో పోయేది, ఇంకోదాంట్లో వచ్చేది ఒకదాన్నొకటి కొట్టేసి సున్నా చూపిస్తుంది.

మళ్లీ మన రాడ్డు దగ్గరకొద్దాం. దాన్ని ఒక బకెట్లో ముంచామనుకోండి. 20 లీటర్ల నీళ్లు, 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు కాగాలి. దానికి కావలసిన శక్తి 21 లక్షల జౌళ్లు. మన బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. కనుక బకెట్‌కు సుమారు 0.58 యూనిట్. పూర్తి వోల్టేజీ ఉంటే 23 నిమిషాల్లో కాగుతాయి, 200 వోల్టులుంటే 31 నిమిషాలు పడుతుంది. యూనిట్లు మాత్రం దాదాపు అవే. ఎక్కువసేపు పెట్టడం వల్ల బకెట్ అంచుల నుంచి పోయే వేడి కాస్త పెరుగుతుంది, అంతే తేడా. లో వోల్టేజీ వల్ల హీటరు బిల్లు పెరిగిందని చాలామంది నమ్ముతారు. ఈ లెక్క ముందు ఆ నమ్మకం నిలవదు.

నీళ్లు కాగాయో లేదో చూడ్డానికి స్విచ్ కట్టకుండా బకెట్లో చెయ్యి పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే దయచేసి ఈ రోజే మానండి. తడిసిన ఒంటి నిరోధం వెయ్యి ఓములకు పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగించండి. 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. ప్రాణం కాపాడడానికి ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లు లీకైతేనే సప్లై ఆపేసేలా తయారుచేస్తారు. ఆ రెండు అంకెల మధ్య దూరం చూసుకోండి.

అన్ని వస్తువులూ నైక్రోమ్‌లా నడుచుకోవు. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉంటే మల్టీమీటరుతో ఓములు కొలవండి. అరవై, డెబ్భై ఓముల దగ్గర చూపిస్తుంది. 230 వోల్టుల మీద 60 వాట్లు తీసుకోవాలంటే లెక్క ప్రకారం 882 ఓములు ఉండాలి. మీటరు అబద్ధం చెప్పలేదు. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ తీగ వేరు, తెల్లగా కాలుతున్న తీగ వేరు. చల్లటి తీగలో మొదట ఎక్కువ కరెంటు పారుతుంది కనుకనే బల్బులు స్విచ్ వేసిన క్షణంలో ఎక్కువగా మాడిపోయేవి. పనిచేసే వస్తువు నిరోధం తెలియాలంటే అది పనిచేస్తుండగా కొలవాలి.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది తీగల గురించీ, జాయింట్ల గురించీ. ఇంగ్లండులో సాల్ఫోర్డ్ అనే ఊళ్లో బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టిన జేమ్స్ జౌల్ తీగచుట్టను నీళ్లలో ముంచి, కరెంటు పంపి, థర్మామీటరుతో నీళ్ల వేడి చూశాడు. 1840 ప్రాంతంలో. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్నీ నిరోధాన్నీ గుణించినంత అని తేల్చాడు. మన లెక్కకు ఇది కొత్త సూత్రమేమీ కాదు. సామర్థ్యం వోల్టులు ఇంటూ ఆంపియర్లు అన్నాం, వోల్టులు ఓములు ఇంటూ ఆంపియర్లు. కలిపితే ఆంపియర్లు రెండుసార్లు వస్తాయి.

ఒక ప్లగ్గులో స్క్రూ వదులైంది. ఆ చోట అర ఓము నిరోధం పెరిగింది. ఆ ప్లగ్గు నుంచి గీజరుకు 10 ఆంపియర్లు పోతున్నాయి. 10 ఇంటూ అర, 5 వోల్టులు అక్కడే పోతాయి. 230లో 5 వోల్టులు తగ్గితే గీజరు నడుస్తున్న తీరులో తేడా ఏమీ కనిపించదు. కానీ 5 వోల్టులు ఇంటూ 10 ఆంపియర్లు 50 వాట్లు. రేడియో రిపేరు చేసేవాళ్లు సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ మామూలుగా 25 వాట్లది. అలాంటివి రెండు మీ స్విచ్ బోర్డు లోపల, ప్లాస్టిక్‌ను ఆనుకుని, గంటల తరబడి వెలుగుతున్నాయన్నమాట. ఎంసీబీ పడిపోదా అని మీరు అడగవచ్చు. పడదు. ఎంసీబీ చూసేది కరెంటు ఒక్కటే. వదులు స్క్రూ వల్ల కరెంటు పెరగదు, కొంచెం తగ్గుతుంది. దాని దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. ప్లగ్గు పట్టుకుంటే వేడిగా తగిలినా, సాకెట్ చుట్టూ పసుపు రంగు మరక కనిపించినా, కాలిన వాసన వచ్చినా ఇంకేదో చూసుకుంటుందని వదిలేయకండి. దాన్ని చూసుకునే పరికరం మామూలు ఇళ్లలో లేదు.

ఇదే సూత్రం ఊరి బయట చేలల్లో ఎంత పెద్దదవుతుందో చూద్దాం. 5 హార్స్‌పవర్ త్రీ ఫేజు మోటారు తీసుకోండి. 415 వోల్టులున్నప్పుడు ఒక్కో ఫేజులో సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పోయే పొడవాటి లైను చివర అలాంటివి ఐదు ఉన్నాయి. మొత్తం 40 ఆంపియర్లు. లైనులో ఒక్కో తీగ నిరోధం ఒక ఓము అనుకుందాం. 40 ఇంటూ ఒకటి, ఒక్కో ఫేజులో 40 వోల్టులు దారిలోనే పోయాయి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 240 ఉండాల్సింది 200 అయింది. ఫేజుల మధ్య 415 కాస్తా ఇంచుమించు 345కి దిగింది. ఒక్కో తీగలో వేడి 40 ఇంటూ 40, 1600 వాట్లు. మూడు తీగల్లో 4800 వాట్లు. ఇంకో 5 హార్స్‌పవర్ మోటారును నడిపేంత విద్యుత్తు ఒక్క చుక్క నీరు తోడకుండానే గాలిలో కలిసింది.

మోటారు దగ్గర ఏమవుతుంది? హీటరు లాగా ఇది తక్కువ వోల్టేజీకి తక్కువ కరెంటు తీసుకుని ఊరుకోదు. పైన పంపు ఉంది, బోరులో నీళ్లున్నాయి, ఎత్తాల్సిన ఎత్తు ఉంది. వేగం పెద్దగా తగ్గదు, పని దాదాపు అంతే చేయాలి. వోల్టేజీ తగ్గినప్పుడు అంతే పని చేయాలంటే కరెంటు పెంచుకోవాల్సిందే. 415 దగ్గర 8 ఆంపియర్లు తీసుకున్నది 340 దగ్గర 9.8 దాకా పోతుంది. వైండింగులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి కదా. 9.8ని 8తో భాగించి వర్గం చేస్తే ఒకటిన్నర. మామూలుకన్నా సగం ఎక్కువ వేడి వైండింగులో పుడుతుంది. ఎండాకాలం, పగలల్లా నడుస్తుంటే పైపూత మాడి మోటారు కాలిపోతుంది. రీవైండింగుకు డబ్బులు, ఆ నాలుగైదు రోజులు తడి లేక ఎండిపోయే చేను. రైతు మోటారును తిట్టుకుంటాడు, కట్టినవాణ్ణి తిట్టుకుంటాడు. లైను చివర వోల్టేజీని, కరెంటునీ కలిపి ఒక్కసారి కొలిచిన కాగితం ఆయన చేతిలో ఉంటే మాట వేరుగా ఉండేది. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలేను ఎక్కువకు తిప్పి పెట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకండి. అది పదే పదే పడిపోతోందంటే చేస్తున్నది దాని పని.

మోటారు విషయంలో మన గుణకారానికి చిన్న సవరణ ఉంది. వోల్టులు, ఆంపియర్లు, వాటితోపాటు త్రీ ఫేజుకు 1.732, ఆపైన పవర్ ఫ్యాక్టరు. 415 ఇంటూ 8 ఇంటూ 1.732 చేస్తే 5750. పవర్ ఫ్యాక్టరు 0.8 అయితే అసలు వాట్లు 4600. మోటారు పక్కన కెపాసిటర్ పెట్టమని చెప్పేది ఈ తేడాను పూరించి లైనులో కరెంటు తగ్గించడానికే. భాగహారానికైతే సవరణ కూడా లేదు. నడుస్తున్న మోటారు వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే వచ్చేది వైండింగు నిరోధం కాదు, దానికన్నా చాలా ఎక్కువ.

లైను నష్టానికి మందు వోల్టేజీ పెంచడం. అంతే సామర్థ్యాన్ని 11,000 వోల్టుల మీద పంపితే 40 ఆంపియర్లు ఒకటిన్నర ఆంపియర్లవుతాయి. అదే ఒక ఓము తీగల్లో నష్టం 4800 వాట్ల నుంచి 7 వాట్లకు దిగుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల 11 కేవీ లైనును బోర్ల దగ్గరిదాకా లాగి, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ బదులు రెండు మూడు బోర్లకొకటి చొప్పున చిన్నవి పెట్టారు. హెచ్‌వీడీఎస్ అంటారు దాన్ని. ఆ ఖర్చంతా వర్గం చేసిన ఆ ఒక్క అంకె కోసమే.

చివరగా ఇంట్లో ఏ తీగా ముట్టుకోకుండా, ఏ పరికరమూ కొనకుండా ఈ లెక్క చేసే దారి చెబుతాను. మీ ఎలక్ట్రానిక్ మీటరు మీద ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటుంటుంది. పక్కనే ఒక యూనిట్‌కు ఎన్నిసార్లో రాసి ఉంటుంది. 3200 అని ఉందనుకోండి. ఇంట్లో అన్నీ ఆపేసి, బకెట్లో ముంచిన హీటరు రాడ్డు ఒక్కటే ఆన్ చేయండి. ఇస్త్రీపెట్టె వద్దు, అది మధ్యలో తనంతట తాను ఆగిపోతుంది. నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కించి 18.75తో గుణించండి. వాట్లు వస్తాయి. 60 సార్లు వెలిగితే 1125 వాట్లు. చాలా మీటర్లలో తెర మీద వోల్టేజీ కూడా వంతులవారీగా కనిపిస్తుంది. అదే నిమిషంలో 200 చూపిస్తే, 200 వర్గాన్ని 1125తో భాగించండి. 35.6 ఓములు. ఇందాక మనం లెక్కగట్టిన 35.3కి దగ్గరే. ఆ కొంచెం తేడా లెక్కింపులో ఒక్క మిణుకు అటూ ఇటూ అయినా వస్తుంది.

ఇప్పుడు అదే రాడ్డు తీసుకెళ్లి ఇంకో గదిలోని సాకెట్లో పెట్టండి. ఈసారి ఐదు నిమిషాలు లెక్కించండి, వోల్టేజీ కదలకుండా ఉన్నప్పుడు. మంచి సాకెట్లో 302 వచ్చిన చోట ఇక్కడ 286 మాత్రమే వస్తే, నిరోధం రెండు ఓములు పెరిగినట్టు. రాడ్డు మారలేదు కనుక ఆ రెండు ఓములూ ఆ గదికి పోయే వైరింగులోనో, ఆ సాకెట్ వెనకో ఉన్నాయి. ఐదున్నర ఆంపియర్ల దగ్గర అది 60 వాట్ల వేడి. మెయిన్ ఆపించి, లైసెన్సు ఉన్న వైర్‌మన్‌తో ముందుగా ఆ బోర్డు విప్పించండి.